పెద్ద సోర్స్ ట్రీ మీద 140 సొంత ప్యాచ్‌లు: మెర్జా, రీబేసా, క్విల్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ బృందం లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడ్) తీసుకుని, దాని మీద సుమారు 140 సొంత ప్యాచ్‌లు, అంటే మార్పుల ఫైళ్లు, వేసి ఒక పరికరంలో వాడుతోంది. ప్యాచ్‌లన్నీ ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, వాటిని వరుసగా వేసుకుంటూ పోయే స్క్రిప్ట్ ఒకటి ఉంది. కొత్త కెర్నెల్‌కు మారిన ప్రతిసారీ మూడు వారాలు పోతున్నాయి. ఇప్పుడు 6.1 నుంచి 6.6కు వెళ్లాలి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి మారదామనుకుంటే బృందంలో ఒకరు మెర్జ్ (కొత్త వెర్షన్‌ను మన కోడ్‌లో కలపడం) అంటున్నారు, మరొకరు రీబేస్ (మన మార్పులను కొత్త వెర్షన్ మీదికి మార్చడం) అంటున్నారు, ఇంకొకరు ప్యాచ్ ఫైళ్ల వరుసను నడిపే క్విల్ట్ చాలంటున్నారు. ఏది పట్టుకోవాలి?

రీబేస్ పట్టుకోండి. మూల ప్రాజెక్టు కోడ్‌ను ఎవరూ చేయి పెట్టని ఒక బ్రాంచిలో (చరిత్రలోని విడి శాఖలో) ఉంచండి. దాని మీద మీ 140 ప్యాచ్‌లను 140 కమిట్లుగా (గిట్‌లో నమోదైన మార్పులుగా), తీగలాగా ఒకే వరుసలో పేర్చండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ వరుసను ఎత్తి కొత్త పునాది మీద పెట్టండి. పాత వరుసను చెరపకుండా దాని పేరుతోనే అట్టే ఉంచండి. క్విల్ట్ కూడా చేసేది ఇదే, గిట్ లేకుండా. కాబట్టి మీ ముగ్గురిలో ఇద్దరి మధ్య తగాదా పనిముట్ల గురించే. అసలు విషయంలో వేరుగా ఉన్నది మెర్జ్ అనే వ్యక్తి ఒక్కరే.

నేను ఈ పని పదిహేనేళ్లకు పైగా చేస్తున్నాను. అందులో నాలుగేళ్లు మెర్జ్ పద్ధతిలోనే గడిచాయి, అందుకే దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

మెర్జ్‌తో వచ్చే చిక్కు మొదటి ఏడాది కనబడదు. మెర్జ్ చాలా సుఖంగా ఉంటుంది. కొత్త వెర్షన్ ట్యాగ్‌ను మీ బ్రాంచిలోకి లాగుతారు, ఒక ఇరవై కాన్‌ఫ్లిక్ట్‌లు (రెండు మార్పులు ఒకే చోట ఢీకొనడం) వస్తాయి, ఒకే విడతలో అన్నీ తేల్చేస్తారు, పని పూర్తి. రీబేస్‌లో అయితే ఒకే ఫైల్‌ను పదిసార్లు తేల్చాల్సి రావచ్చు. మరి మెర్జ్ ఎందుకు వద్దంటున్నాను? ఎందుకంటే మెర్జ్ చేసిన ప్రతిసారీ మీ ప్యాచ్ కొంచెం కొంచెంగా చరిత్రలోకి ఉప్పులా కరిగిపోతుంది. మూడేళ్ల కిందట మీరు రాసిన కమిట్ మూడేళ్ల కిందటి కోడ్‌కు సరిపోయే రూపంలోనే ఉంటుంది. దాని నేటి రూపం ఎక్కడుంది? కొంత ఆ కమిట్‌లో, కొంత మధ్యలో జరిగిన ఏడెనిమిది మెర్జ్ కమిట్ల లోపల. గిట్ లాగ్‌ను (కమిట్ల జాబితాను) డిఫ్‌తో, అంటే మారిన పంక్తులతో, సహా చూపించమని అడిగినా, మెర్జ్ కమిట్లలో ఏం మారిందో అది మామూలుగా చూపించదు. ప్రత్యేకంగా అడగాలి. అడిగినా వచ్చే జవాబు చదవడం కష్టం.

మేము పనిచేసిన ఒక ఉత్పత్తిలో నాలుగేళ్ల తరువాత పై అధికారి ఒక మామూలు ప్రశ్న అడిగారు: "ఈ ట్రీలో మనం చేసిన మార్పులు ఏమేమిటి?" మా దగ్గర సమాధానం లేదు. మూల వెర్షన్‌కూ మా ట్రీకీ (మా పూర్తి కోడ్‌కూ) మధ్య డిఫ్ తీస్తే వేల పంక్తుల ముద్ద ఒకటి వచ్చింది. ఏ పంక్తి ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన వారిలో ఇద్దరు అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయారు. ఆ ముద్దను విడదీసి మళ్లీ ప్యాచ్‌లుగా మార్చడానికి రెండు నెలలు పట్టింది. విడదీసి చూస్తే అందులో చాలా భాగం మూల ప్రాజెక్టులో ఎప్పుడో సరిచేసిన తప్పులకు మేము వేసుకున్న పాత మందులు. ఒక చోట ఒకే బగ్‌కు రెండు వేర్వేరు పరిష్కారాలు పక్కపక్కనే ఉన్నాయి.

"కెర్నెల్ ప్రధాన ట్రీయే మెర్జ్‌ల మీద నడుస్తుంది కదా" అని మీ మిత్రుడు అనవచ్చు. నిజమే. కానీ అక్కడ ఉపవిభాగాల ట్రీల నుంచి వచ్చే మార్పులు లోపలికి చేరి ఆ ప్రాజెక్టులో భాగమైపోతాయి. వాటిని మళ్లీ వేరు చేసి చూడాల్సిన అవసరం ఎవరికీ రాదు. మీవి బయట ఉండే ప్యాచ్‌లు. ప్రతి వెర్షన్‌కూ "ఇది ఇంకా కావాలా?" అని ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూడాల్సి ఉంటుంది. ఎత్తి చూడాలంటే అది విడిగా ఉండాలి.

ఒక మినహాయింపు. మీ ట్రీ మీద ఆధారపడి ఇంకా ఇతర బృందాలు పనిచేస్తుంటే, రీబేస్ చేసిన ప్రతిసారీ వారి కాళ్ల కింద నేల కదులుతుంది. దానికి ఒక మధ్యేమార్గం ఉంది: కొత్త పునాది మీద ముందుగా ఒక ఉత్తుత్తి మెర్జ్ కమిట్ పెడతారు. అది పాత వరుసను చరిత్రలోకి తీసుకుంటుంది గానీ దాని కోడ్‌ను తీసుకోదు. దాని మీద ప్యాచ్‌లను కొత్తగా పేరుస్తారు. అప్పుడు పాతదాన్ని పట్టుకుని ఉన్నవారు మామూలుగా పుల్ చేసుకుంటే (కొత్తవి తెచ్చుకుంటే) సరిపోతుంది, ప్యాచ్‌లు కూడా విడివిడిగా ఉంటాయి. గిట్ ఫర్ విండోస్ ప్రాజెక్టు తన ప్యాచ్‌లను ఇలాగే నడుపుతుంది, దీన్ని మెర్జింగ్ రీబేస్ అంటారు. మీది ఒకటే బృందమైతే ఇది అక్కర్లేదు.

ఇక మీ ఫోల్డర్, స్క్రిప్ట్ సంగతి. అది చెడ్డ పద్ధతి అని నేను అనను. కెర్నెల్ ఇలాగే పెరిగింది. ప్యాచ్ ప్రోగ్రామ్‌ను లారీ వాల్ 1985లోనే రాశారు. కెర్నెల్ పుట్టిన 1991 నుంచి, గిట్‌కు ముందు వాడిన బిట్‌కీపర్ 2002లో వచ్చేదాకా మెయిల్‌లో ప్యాచ్‌లు వచ్చేవి, టార్ ఫైళ్లు (కోడ్ మొత్తాన్ని కట్టిన మూటలు) బయటికి వెళ్లేవి. గిట్ పుట్టింది 2005 ఏప్రిల్‌లో. క్విల్ట్ కూడా ఆండ్రూ మోర్టన్ తన ప్యాచ్‌ల గుట్టను అదుపులో పెట్టుకోవడానికి రాసుకున్న స్క్రిప్ట్‌ల నుంచి వచ్చిందే. నా భయం ఆ స్క్రిప్ట్ లోపల ఉన్న ప్యాచ్ కమాండ్ గురించి.

ఫజ్‌ను నమ్మకండి. డిఫ్‌లో మార్పుకు పైన మూడు, కింద మూడు పంక్తులు సందర్భంగా ఉంటాయి. ప్యాచ్ కమాండ్ ఆ ఆరూ సరిపోకపోతే వెంటనే ఓడిపోదు. అంచుల్లోని పంక్తులను వదిలేసి మళ్లీ ప్రయత్నిస్తుంది, అదే ఫజ్. ఏమీ చెప్పకపోతే రెండు పంక్తుల వరకు అలా వదులుతుంది. అంటే చివరికి పైన ఒకటి, కింద ఒకటి సరిపోతే చాలు, అక్కడ అతికించేస్తుంది. డ్రైవర్ కోడ్ చూసినవారికి తెలుసు: ప్రతి ఫంక్షన్ చివరా తప్పు జరిగితే సర్దుకునే భాగాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. మాకు జరిగింది అదే. ఒక లాక్‌ను (ఒకేసారి ఒకరే వాడేలా కాసే కాపలాను) విడుదల చేసే పంక్తి వెళ్లాల్సిన ఫంక్షన్‌లోకి కాకుండా దాని పక్క ఫంక్షన్‌లోకి వెళ్లి కూర్చుంది. కంపైల్ అయింది. పరీక్షలూ గట్టెక్కాయి. వాడకంలోకి వెళ్లాక నాలుగైదు రోజులకు ఒకసారి పరికరం బిగుసుకుపోయేది. కారణం దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. స్క్రిప్ట్ మాత్రం మొదటి రోజే లాగ్‌లో నిజం చెప్పింది: ఫలానా భాగం 41 పంక్తుల అవతల, ఫజ్ 2తో అతికింది అని. ఆ లాగ్ ఎవరూ చదవలేదు, నాతో సహా.

గిట్‌లోని అప్లై కమాండ్ ఫజ్‌ను ఒప్పుకోదు. చోటు కాస్త అటూ ఇటూ జరిగినా సర్దుకుంటుంది గానీ సందర్భం అక్షరాలా సరిపోవాలి. మీరు ఇంకా కొన్నాళ్లు పాత స్క్రిప్ట్‌తోనే నడవాల్సి వస్తే కనీసం ఫజ్‌ను సున్నా చేయండి. ఈ ఒక్క మార్పు ఈ రోజే చేయవచ్చు.

మొదటిసారి గిట్‌లోకి మార్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ప్యాచ్‌లను నేరుగా కొత్త వెర్షన్ మీద వేయబోతారు. అలా చేయకండి. ప్యాచ్‌లు ఏ వెర్షన్ మీద పుట్టాయో ముందు ఆ వెర్షన్ మీదే వేసి కమిట్ చేయండి, ఆ తరువాతే కదపండి. కారణం ఇది. ఒక ప్యాచ్ కొత్త కోడ్‌కు సరిపోనప్పుడు గిట్ మూడు వైపులా చూసి కలపగలదు: పాత పునాది, మీ మార్పు, కొత్త పునాది. దానికి పాత పునాది ఎలా ఉండేదో తెలియాలి. గిట్ తయారుచేసిన ప్యాచ్‌లలో ఇండెక్స్ అనే పంక్తిలో ఆ గుర్తు ఉంటుంది. మామూలు డిఫ్ కమాండ్‌తో తీసిన మీ పాత ప్యాచ్‌లలో అది ఉండదు. కాబట్టి త్రీ-వే ఆప్షన్ ఇచ్చినా గిట్ ఏమీ చేయలేదు. పాత పునాది మీద శుభ్రంగా అతికించి కమిట్ చేశారంటే ఆ సమాచారమంతా రిపాజిటరీలో (గిట్ కోడ్‌నూ చరిత్రనూ దాచే చోట) చేరుతుంది. అక్కడి నుంచి రీబేస్ చేస్తే సగం కాన్‌ఫ్లిక్ట్‌లు వాటంతట అవే తేలిపోతాయి.

కెర్నెల్ కాబట్టి మీకు మూల ప్రాజెక్టు గిట్ చరిత్ర దొరుకుతుంది, దాన్నే క్లోన్ (పూర్తి నకలు) చేయండి. టార్ ఫైళ్లు మాత్రమే ఇచ్చే ప్రాజెక్టులైతే ఒక్కో విడుదలను ఒక్కో కమిట్‌గా మూల బ్రాంచిలో పెట్టాలి. అప్పుడు మూల ప్రాజెక్టు సొంత గిట్ఇగ్నోర్ ఫైళ్లు (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలు) మిమ్మల్ని మోసం చేస్తాయి. టార్‌లో ఉన్న కొన్ని ఫైళ్లను గిట్ యాడ్ మౌనంగా వదిలేస్తుంది. బలవంతంగా చేర్చే ఆప్షన్ వాడండి. పంక్తి చివరలను మార్చే సెట్టింగ్‌ను కూడా ఆపేయండి.

ఇప్పుడు అసలు కదలిక. రీబేస్‌కు ఆంటో (--onto) ఆప్షన్ ఇచ్చి మూడు విషయాలు చెప్పాలి: కొత్త పునాది ఏది, పాత పునాది ఏది, కదలాల్సిన బ్రాంచి ఏది. 6.1 మీద ఉన్న బ్రాంచిని ముట్టుకోకుండా దాని నకలు తీసుకుని, 6.6 పేరుతో కొత్త బ్రాంచి చేసి దాన్ని కదపండి. కానీ 6.1 నుంచి 6.6కు ఒకే అంగలో దూకవద్దు. 6.2, 6.3, 6.4, 6.5 మీదుగా మెట్టు మెట్టుగా వెళ్లండి. ఐదుసార్లు చేయడం ఎక్కువ పని అనిపిస్తుంది. నా అనుభవంలో మొత్తం మీద తక్కువే అవుతుంది. ఒకే అంగలో దూకినప్పుడు ఒక ఫంక్షన్ పేరు మారి, ఫైల్ మారి, ఆ పైన దానికి ఇచ్చే ఆర్గ్యుమెంట్లూ మారి ఉంటాయి, మూడూ కలిసి ఒకే కాన్‌ఫ్లిక్ట్‌గా మీద పడతాయి. మెట్ల మీద వెళితే ఒక్కో మెట్టులో ఒక్కో మార్పు ఎదురవుతుంది. దానికి కారణమైన మూల కమిట్ కూడా సులువుగా దొరుకుతుంది. ఆ కమిట్ వివరణ చదివితే మీ ప్యాచ్‌ను ఎలా మార్చాలో చాలాసార్లు అందులోనే ఉంటుంది.

ఈ పనికి కూర్చునే ముందు మూడు సెట్టింగ్‌లు మార్చుకోండి.

మొదటిది కాన్‌ఫ్లిక్ట్ శైలి. మామూలుగా గిట్ రెండు వైపులే చూపిస్తుంది. డిఫ్3 శైలి పెడితే మధ్యలో పాత పునాది కూడా కనిపిస్తుంది. గిట్ 2.35 నుంచి, అంటే 2022 నుంచి, జెడ్‌డిఫ్3 అనే ఇంకా చక్కని రూపం ఉంది. పునాది కనబడకుండా కాన్‌ఫ్లిక్ట్ తేల్చడం అంటే ఇద్దరి తగాదాలో మొదట ఏం జరిగిందో వినకుండా తీర్పు చెప్పడం.

రెండవది రెరెరె. ఒకసారి తేల్చిన కాన్‌ఫ్లిక్ట్‌ను గుర్తుపెట్టుకుని అదే మళ్లీ వస్తే తనే తేల్చేస్తుంది. రీబేస్‌ను సగంలో వదిలి మళ్లీ మొదలుపెట్టడం మామూలే, అప్పుడు ఇది దేవుడిలా ఆదుకుంటుంది. అయితే ఒక మెలిక ఉంది. తేల్చిన వాటిని ఇది 60 రోజులే దాచుకుంటుంది. కెర్నెల్ విడుదలలు వచ్చేది తొమ్మిది, పది వారాలకు ఒకసారి, అంటే 63 నుంచి 70 రోజులు. ఒక విడుదలకు నేర్చుకున్నది తరువాతి విడుదల నాటికి చెత్తబుట్టలోకి పోతుంది. నేను ఆ గడువును ఏడాదికి పెంచుకున్నాను. ఇంకొక మెలిక: తప్పుగా తేల్చినదాన్ని కూడా అంతే నమ్మకంగా గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు ఆ ఫైల్ పేరు చెప్పి మరిచిపొమ్మనాలి, దానికి ఫర్గెట్ అనే ఉపకమాండ్ ఉంది. ఈ జ్ఞాపకాలు క్లోన్‌తో పాటు వెళ్లవు. కాబట్టి ఒకరు తేల్చినది మరొకరికి అందదు.

మూడవది పేర్ల మార్పును గుర్తించే పరిమితి. మూల ప్రాజెక్టు ఒక పెద్ద డైరెక్టరీని వేరే చోటికి మార్చినప్పుడు గిట్ ఆ పరిమితి దాటిందని హెచ్చరించి ఊరుకుంటుంది. మీకు మాత్రం "మీరు మార్చిన ఫైల్ అక్కడ లేదు" అన్న వింత కాన్‌ఫ్లిక్ట్ కనిపిస్తుంది. పరిమితి పెంచి మళ్లీ చేస్తే సరిపోతుంది.

రీబేస్ మధ్యలో "అవర్స్" అంటే మీది కాదు, "దెయిర్స్" అంటే వారిది కాదు. రీబేస్ కొత్త పునాది మీద నిలబడి మీ ప్యాచ్‌లను ఒక్కొక్కటిగా తెచ్చుకుంటుంది కాబట్టి, దాని లెక్కలో "మనది" అంటే మూల కోడ్, "వారిది" అంటే మీ ప్యాచ్. ఇది తెలియక మా బృందంలో ఒకరు ఒక మధ్యాహ్నమంతా మా ప్యాచ్‌లను నిష్ఠగా పారేస్తూ కూర్చున్నారు. మెర్జ్‌లో నేర్చుకున్న అలవాటు అది.

కాన్‌ఫ్లిక్ట్‌లన్నీ తేలాయి, రీబేస్ పూర్తయిందని గిట్ చెప్పింది. ఇల్లు అలకగానే పండగ కాదు. అందరూ వదిలేసే మెట్టు ఇక్కడే ఉంది: రేంజ్-డిఫ్. గిట్ 2.19 నుంచి, అంటే 2018 నుంచి, ఈ కమాండ్ ఉంది. పాత వరుసను, కొత్త వరుసను ఇస్తే ఒక్కో ప్యాచ్‌కు జతను పట్టుకుని, రెండింటి మధ్య తేడా చూపిస్తుంది. డిఫ్‌కు డిఫ్ అన్నమాట. 140 ప్యాచ్‌లలో సాధారణంగా నూటికి పైగా "ఏమీ మారలేదు" అని వస్తాయి, వాటిని చూడనక్కర్లేదు. మిగిలినవాటిని మాత్రం ఇద్దరు కూర్చుని చదవాలి. కాన్‌ఫ్లిక్ట్ తేల్చేటప్పుడు ఒక పంక్తి జారిపోతే అది ఇక్కడ బట్టబయలవుతుంది. రెండు ప్లస్సులు, రెండు మైనస్సులు పక్కపక్కనే ఉండే ఆ రాత మొదట్లో కళ్లకు చాలా చిరాకు. వారంలో అలవాటవుతుంది.

కాన్‌ఫ్లిక్ట్ రాకుండానే తప్పు జరిగే సందర్భాలే నిజానికి ప్రమాదం. మీరు మూల ప్రాజెక్టుకు పంపిన సవరణను వారు కొంచెం మార్చి, వేరే చోట పెట్టి తీసుకున్నారనుకోండి. అక్షరం మార్పు లేకుండా తీసుకుని ఉంటే రీబేస్‌లో మీ ప్యాచ్ ఖాళీ అయిపోయి తనంతట తప్పుకునేది. మార్చి తీసుకున్నారు కాబట్టి మీది కూడా ఏ కాన్‌ఫ్లిక్ట్ లేకుండా పక్కనే అతుక్కుంటుంది. మాకు ఒకసారి ఇలా ఒక రిఫరెన్స్ లెక్కను (మెమరీని ఎందరు వాడుతున్నారో చెప్పే లెక్కను) రెండుసార్లు తగ్గించే కోడ్ తయారైంది. ఇంకా వాడుకలో ఉన్న మెమరీని విడుదల చేసేసింది. అలాగే, ఇంతకుముందు పిలిచేవారు పట్టుకోవాల్సిన లాక్‌ను ఇప్పుడు ఫంక్షనే లోపల పట్టుకోవడం మొదలుపెడితే, కంపైలర్‌కు ఏ తేడా కనిపించదు. దీనికి పనిముట్టు లేదు. మీ ప్యాచ్‌లు తాకే ఫైళ్ల జాబితా తీసి, ఆ ఫైళ్లలో రెండు వెర్షన్ల మధ్య వచ్చిన మూల కమిట్ల శీర్షికలనైనా చదవండి. ఒక పూట పని అది, నేను మానకుండా చేస్తాను.

రీబేస్‌కు ఎగ్జెక్ ఆప్షన్ ఇచ్చి ప్రతి ప్యాచ్ తరువాత కంపైల్ చేయించవచ్చు. 70 వేలకు పైగా ఫైళ్లున్న ట్రీని 140 సార్లు కంపైల్ చేయించడం పిచ్చి పని కాబట్టి ఆ ప్యాచ్ తాకిన డైరెక్టరీని మాత్రమే చేయించండి, చివర్లో ఒకసారి మొత్తం. మధ్యలో ఏ కమిట్ దగ్గర ఆగినా ట్రీ కంపైల్ కావాలన్నదే దీని ఉద్దేశం. ఎందుకో తరువాత తెలుస్తుంది: పరికరంలో కొత్త బగ్ వచ్చినప్పుడు ముందు ఏ ప్యాచ్ లేని శుద్ధమైన మూల కెర్నెల్‌తో పరీక్షిస్తారు. అక్కడ బగ్ లేకపోతే దోషి మీ 140లోనే ఉంది. బైసెక్ట్‌తో (వరుసను సగం సగం చేస్తూ వెతికే గిట్ కమాండ్‌తో) ఎనిమిది మెట్లలోపు పట్టుకోవచ్చు. మెర్జ్ చరిత్రలో ఈ విలాసం ఉండదు.

"విడుదలైన బ్రాంచిలో 37వ ప్యాచ్‌లో తప్పు దొరికితే ఏం చేయాలి?" అని కూడా అడిగారు. విడుదలైన బ్రాంచిని తిరగరాయకండి. సవరణను పైన కొత్త కమిట్‌గా వేయండి, కానీ దాన్ని 37వ దానికి ఫిక్సప్‌గా గుర్తు పెట్టండి. తరువాతి వెర్షన్‌కు కదిలే రోజున ఆటోస్క్వాష్ ఆప్షన్ ఇస్తే అది వెళ్లి 37లో కలిసిపోతుంది. విడుదలైన బ్రాంచి ఎప్పుడూ ముందుకే పెరుగుతుంది, శుభ్రం చేయడం వెర్షన్ మారే రోజున మాత్రమే. ఈ ఒక్క నియమంతో ఫోర్స్ పుష్ (ఉమ్మడి బ్రాంచి చరిత్రను బలవంతంగా తిరగరాయడం) గొడవలు మా దగ్గర పూర్తిగా ఆగిపోయాయి.

వరుసలో ఏది ముందు, ఏది వెనుక అన్నదీ ముఖ్యమే. అట్టడుగున బ్యాక్‌పోర్ట్‌లు, అంటే మూల ప్రాజెక్టు కొత్త వెర్షన్ల నుంచి మీరు ముందుగా తెచ్చుకున్నవి. పునాది పైకి జరిగేకొద్దీ అవి కింది నుంచి రాలిపోతాయి. వాటి మీద, మూల ప్రాజెక్టుకు పంపదగిన సవరణలు. ఆ పైన మీ సొంత డ్రైవర్లు, సౌకర్యాలు. అన్నిటికన్నా పైన బిల్డ్ సెట్టింగ్‌లు, డీబగ్ కోసం పెట్టుకున్న తాత్కాలిక ముక్కలు. ఒక ప్యాచ్‌ను మూల ప్రాజెక్టుకు పంపాలంటే అది మీ సొంత కోడ్ మీద ఆధారపడకూడదు. ఈ వరుసలో ఉంటే ఆ పరీక్ష తనంతట జరిగిపోతుంది.

ప్రతి కమిట్ సందేశంలో "ఇది ఎందుకు, ఎప్పుడు తీసేయవచ్చు" అన్నవి రెండూ ఉండాలి. ఆండ్రాయిడ్ ఉమ్మడి కెర్నెల్‌లో శీర్షిక మొదట్లోనే అప్‌స్ట్రీమ్, బ్యాక్‌పోర్ట్, ఫ్రమ్‌లిస్ట్, ఆండ్రాయిడ్ వంటి గుర్తులు పెడతారు. చూడగానే ఆ ప్యాచ్ పుట్టుక తెలుస్తుంది. పరికరాల కోసం లినక్స్ తయారుచేసుకునే యోక్టోలో ప్రతి ప్యాచ్‌కూ అప్‌స్ట్రీమ్-స్టేటస్ అనే పంక్తి రాయాలి. డెబియన్ లినక్స్ పంపిణీకి డెప్-3 అనే శీర్షికల పద్ధతి ఉంది. ఏది పాటించినా మంచిదే, ఒకటి పాటించండి. మూల ట్రీ నుంచి చెర్రీ-పిక్ చేసేటప్పుడు (ఒక్క కమిట్‌ను ఎంచి తెచ్చుకునేటప్పుడు) ఎక్స్ (-x) ఆప్షన్ ఇస్తే ఏ కమిట్ నుంచి తెచ్చారో సందేశంలో తానే రాసిపెడుతుంది. ఇవ్వడం మరిచిపోతే రెండేళ్ల తరువాత మీరే మిమ్మల్ని తిట్టుకుంటారు.

కాన్‌ఫ్లిక్ట్‌లు తగ్గించేది మాత్రం ఏ కమాండూ కాదు, ప్యాచ్ రాసిన తీరు. మీ కోడ్ కొత్త ఫైళ్లలో పెట్టి, మూల ఫైల్‌లో ఒక్క పిలుపు మాత్రం ఉంచండి. మూల ఫైల్‌లో ఖాళీలు సర్దడం, పేర్లు అందంగా మార్చడం వంటివి ముట్టుకోవద్దు. మేక్‌ఫైల్ (ఏ ఫైళ్లు కంపైల్ చేయాలో చెప్పేది) చివరి పంక్తి తరువాత మీ పంక్తి చేర్చకండి. ప్రపంచంలో ప్రతివారూ అక్కడే చేరుస్తారు, ప్రతిసారీ కాన్‌ఫ్లిక్ట్ ఖాయం. మధ్యలో అక్షరక్రమంలో దాని చోట పెట్టండి. ప్యాచ్ పరిమాణానికి కొలమానం కావాలంటే కెర్నెల్ స్టేబుల్ (విడుదలైన వెర్షన్‌కు సవరణలు చేర్చే శాఖ) నియమాలు చూడండి, అక్కడ సందర్భంతో కలిపి వంద పంక్తులు దాటకూడదు. మీ సొంత డ్రైవర్‌కు అది వర్తించదు గానీ సవరణలకు మంచి హద్దు.

క్విల్ట్ అడిగిన మిత్రుడికి కూడా న్యాయం చేయాలి. మీరు పంపిణీ ప్యాకేజీలు తయారుచేస్తుంటే, లేదా మూల కోడ్‌ను మీ రిపాజిటరీలో ఉంచుకోలేనంత పెద్దదైతే, ప్యాచ్ ఫైళ్లనే రిపాజిటరీలో పెట్టడం సబబు. ఎలక్ట్రాన్ ప్రాజెక్టు క్రోమియం బ్రౌజర్ కోడ్ మీద తన మార్పులను ఇలాగే ప్యాచ్ ఫైళ్లుగా దాచుకుంటుంది. పని చేసేటప్పుడు స్క్రిప్ట్‌తో కమిట్లుగా మార్చుకుని, మళ్లీ ఫైళ్లుగా రాసుకుంటుంది. ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది: ప్యాచ్ తాను ఎలా మారుతూ వచ్చిందో ఆ చరిత్ర గిట్‌లో కనిపిస్తుంది. మీరూ ఇలా చేస్తే, కమిట్లను ఫైళ్లుగా రాసే ఫార్మాట్-ప్యాచ్ ప్రతిసారీ మార్చే హ్యాష్ (కమిట్ గుర్తు), వరుస సంఖ్య, అడుగున రాసే గిట్ వెర్షన్, ఈ మూడింటినీ ఆపే ఆప్షన్లు వాడండి. లేకపోతే ఒక్క ప్యాచ్ మార్చినా 140 ఫైళ్లూ మారినట్టు కనిపిస్తాయి. క్విల్ట్‌ను నేరుగా వాడితే మాత్రం ఫైల్‌ను ముందు ప్యాచ్‌లో చేర్చి ఆ తరువాతే మార్చాలి. మార్చి చేరిస్తే ఆ మార్పు ఎక్కడా నమోదు కాదు. నేను దానికి చాలాసార్లు బలయ్యాను, అందుకే గిట్‌కు మారాను.

చిన్న సౌకర్యం ఒకటి: వర్క్‌ట్రీ. 2015లో వచ్చిన గిట్ 2.5 నుంచి ఉంది. ఒకే క్లోన్ నుంచి 6.1ను ఒక డైరెక్టరీలో, 6.6ను మరొక డైరెక్టరీలో తెరిచి పెట్టుకోవచ్చు. కాన్‌ఫ్లిక్ట్ మధ్యలో "పాతదానిలో ఇది ఎలా ఉండేది?" అని చూడటానికి బ్రాంచి మార్చాల్సిన పని ఉండదు.

మూడు వారాలు ఎంతకు తగ్గుతాయని అడిగారు. మొదటిసారి తగ్గవు, ఇంకొంచెం పెరగవచ్చు కూడా. 140 ప్యాచ్‌లకూ కారణాలు రాయడమే ఒక వారం తింటుంది. మాకు రెండవ వెర్షన్ నుంచి నాలుగు రోజులకు దిగింది. అందులో సగం ఘనత రీబేస్‌ది కాదు, ప్యాచ్‌ల సంఖ్య తగ్గడానిది. రెండేళ్లలో 210 నుంచి అరవైకి చేరాము. కొన్ని మూల ప్రాజెక్టులోకి వెళ్లాయి, కొన్నింటికి అక్కడే మంచి పరిష్కారం వచ్చింది. మిగిలినవాటిలో చాలా వాటికి ఎవరూ కారణం చెప్పలేకపోయారు. అలాంటివి పరీక్షల బిల్డ్‌లో తీసేసి ఎవరు ఫిర్యాదు చేస్తారో చూశాము. భద్రతకు సంబంధించినవి అనిపిస్తే మాత్రం ఈ ఆట ఆడకండి, వాటి గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.

మొదలుపెట్టడానికి మీకు పునాది తెలియాలి. మీరు "6.1" అన్నారు గానీ అది 6.1 అసలు విడుదలా, దాని స్టేబుల్ విడుదలల్లో ఒకటా అన్నది చెప్పలేదు. ఫోల్డర్ ఎవరు మొదలుపెట్టారో తెలియకపోతే, ఊహించకండి. ప్యాచ్‌లన్నీ వేసి ఉన్న మీ ట్రీని తీసుకుని, 6.1 స్టేబుల్ ట్యాగ్‌లలో ఒక్కొక్కదానితో డిఫ్ తీసి, పంక్తుల సంఖ్య లెక్కపెట్టే చిన్న లూప్ రాయండి. సంఖ్య ఒక ట్యాగ్ దాకా తగ్గుతూ వచ్చి, దాని తరువాత మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ అడుగు ట్యాగే మీ పునాది. ఆ ట్యాగ్ పేరు, ఆ తక్కువ సంఖ్య ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. ప్యాచ్‌లన్నిటి మొత్తం పంక్తుల కన్నా అది బాగా ఎక్కువగా ఉంటే, ఫోల్డర్‌లో లేని మార్పులు కూడా ఎవరో నేరుగా ట్రీలో చేశారన్నమాట. ముందు వాటిని పట్టుకోవాలి.